ఇంటిపనుల మధ్య మూడు బొంతలు: గుడ్డ ఎంపిక నుంచి అంచుపట్టీ దాకా

తీరిక వేళల్లో బొంతలు కుట్టేవారు సాధారణంగా ఒకటి పూర్తయ్యాకే మరొకటి మొదలుపెట్టాలనుకుంటారు. వినడానికి పద్ధతిగానే ఉంటుంది కానీ, ఇల్లు నడిపే మనిషికి దొరికే సమయం ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు కాబట్టి ఆచరణలో ఇది సాగదు. ముక్కలు కత్తిరించడానికి ఖాళీ బల్ల, చెదరని దృష్టి, రెండు గంటల నిలకడ కావాలి. మిషను మీద వాటిని జతచేయడానికి అరగంట దొరికినా చాలు. చేత్తో కుట్లు వేయడానికి టీవీ ముందు కూర్చున్న సాయంత్రం సరిపోతుంది. చేతిలో ఒక్క బొంతే ఉంటే, అది కత్తిరింపు దశలో ఉన్నన్నాళ్ళూ ఆ అరగంటలు, ఆ సాయంత్రాలు ఊరికే పోతాయి. అందువల్ల వేర్వేరు దశల్లో ఉన్న మూడు బొంతలను ఒకేసారి నడుపుకోవడం మేలు. నాలుగోది మొదలైతే మాత్రం బీరువా నిండుతుంది, పని తెమలదు.

ప్రస్తుతం హనుమకొండలోని మా ఇంట్లో నడుస్తున్న మూడింటినే ఈ వ్యాసంలో ఉదాహరణలుగా తీసుకుంటున్నాను. మా తమ్ముడి బిడ్డ తొట్టెల నాటికి అందవలసిన చిన్న బొంత ఒకటి, అత్తమ్మ పాత నూలు చీరలతో సింగిల్ మంచానికి సరిపడేది రెండవది, మేడారం జాతరకు తీసుకువెళ్ళడానికి లుంగీలు, పాత జీన్స్ ప్యాంట్లతో కుడుతున్న గట్టి బొంత మూడవది. ఈ మూడింటికీ గుడ్డ వేరు, పొరలు వేరు, కుట్టు వేరు.

గుడ్డను ఎంచుకోవడం

బొంత మన్నిక సగానికి పైగా కత్తెర పట్టకముందే తేలిపోతుంది. ఒకే బొంతలో వాడే ముక్కలన్నీ దాదాపు ఒకే మందం, ఒకే వయసు ఉన్నవై ఉండాలి. బాగా నలిగిన చీర ముక్క పక్కన కొత్త పాప్లిన్ ముక్క కుడితే, ఉతికిన ప్రతిసారీ గట్టిది మెత్తదానిని లాగుతుంది, కొంతకాలానికి కుట్టు పక్కనే చీర పీలికలవుతుంది. రంగులు కుదరకపోయినా బొంత నిలుస్తుంది, బరువులు కుదరకపోతే నిలవదు.

పాత చీరలో అన్ని భాగాలూ ఒకే తీరుగా అరగవు. కాళ్ళకు తగిలే కుచ్చిళ్ళ కింది అంచు, కూర్చున్నప్పుడు ఒత్తిడి పడే వెనుక భాగం ముందుగా పలచబడతాయి. నడుము లోపలికి దోపుకునే మొదటి చెంగు, కొంగు మాత్రం గట్టిగా ఉంటాయి. చీరను కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని మెల్లగా జరుపుతూ పోతే పలచబడిన చోట్లు జల్లెడలా వెలుతురును వదులుతాయి, వాటిని దర్జీ సుద్దతో గుండ్రంగా గుర్తుపెట్టుకోవాలి. అనుమానం ఉన్న చోట గుడ్డను రెండు బొటనవేళ్ళ మధ్య పట్టుకుని అడ్డంగా, నిలువుగా లాగి చూడాలి. చిటపటమని సన్నని శబ్దం వినిపిస్తే పోగులు తెగుతున్నాయని అర్థం. ఆ భాగం ముక్కలు జతచేసే పై పొరకు పనికిరాదు, దానికీ అడుగు పొరకూ మధ్య వేసే నడిమి పొరలోకి మాత్రం వెళ్ళవచ్చు. ఈ పరీక్షలో అత్తమ్మ చేయి నా చేతికంటే నమ్మదగినది. నేను పక్కన పెట్టిన ఒక చీరను తీసి, "దీన్ని పారెయ్యకు బిడ్డా, నడుమనే పోయింది గని కొంగు ఇంకా గట్టిగున్నది" అని ఇచ్చారు. ఆ కొంగు ముక్కలే ఇప్పుడు రెండవ బొంతకు నాలుగు మూలలయ్యాయి.

పెద్దల చీరలను, మరీ ముఖ్యంగా కాలం చేసినవారి చీరలను, ఇంట్లో అందరినీ అడగకుండా కత్తిరించకూడదు. ఏది కోయవచ్చు, ఏది కోయకూడదు అన్నది ముందే మాట్లాడుకుంటే తరువాత మనస్పర్థలు రావు.

నూలు ఏదో, కలగలుపు ఏదో తెలియనప్పుడు అంచు నుంచి ఒక పోగు లాగి, సింకు దగ్గర స్టీలు పళ్ళెంలో పెట్టి వెలిగించి చూడవచ్చు. నూలు పోగు కాగితంలా మండి, కాగితం కాలిన వాసన వేసి, వేలితో తాకితే పొడి అయ్యే బూడిద మిగులుస్తుంది. పాలియెస్టర్ పోగు ముడుచుకుపోతూ కరిగి, చల్లారాక గట్టి నల్లపూసలా మిగులుతుంది. 2017 నుంచి కొన్నేళ్ళపాటు ప్రభుత్వం పంచిన, సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన బతుకమ్మ చీరలు మన బీరువాల్లో చాలా ఉన్నాయి. వాటిని బొంతకు వాడవచ్చునా అని తరచుగా అడుగుతుంటారు. అవి పాలియెస్టర్ గుడ్డలు కాబట్టి చెమటను పీల్చవు, నూలుకు పట్టే ఇస్త్రీ వేడిని తట్టుకోలేవు. నూలు ముక్కలతో కలపకుండా వాటిని వాటితోనే జతచేసి, మిక్సీకో కుట్టుమిషనుకో గలేబు కుట్టుకోవడం ఉత్తమం. బడి యూనిఫాం గుడ్డల్లో చాలావరకు కలగలుపువే కనుక వాటికీ ఇదే మాట వర్తిస్తుంది. పట్టుచీరలను నిత్యం ఉతికే బొంతలోకి తీసుకురాకపోవడమే మంచిది.

వరంగల్ పాత కుటుంబాల్లో కొందరి పెట్టెల్లో ఆజంజాహీ మిల్లు గుడ్డ ఇంకా భద్రంగా ఉంటుంది. 1934లో మొదలై 2002లో మూతపడిన మిల్లు కాబట్టి, ఆ గుడ్డ ఎంత తెల్లగా, ఎంత దళసరిగా కనిపించినా దాని వయసును గుర్తుంచుకోవాలి. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న నూలుగుడ్డ ముందుగా ఆ మడత గీతల వెంబడే చిట్లుతుంది. అటువంటి దుప్పటి దొరికితే మడత గీతలకు రెండు వైపులా అంగుళం చొప్పున వదిలివేసి, మధ్య భాగాన్ని మాత్రమే వాడుకోవాలి. సిద్దిపేట గొల్లభామ చీర పాతబడితే దానిని చదరాలుగా తరగడం నాకు మనసొప్పని పని. తలపై కుండతో నిలిచిన ఆ బొమ్మలు సగానికి తెగిపోతాయి; అంచును పొడుగ్గా తీసి బొంత మధ్యలో పట్టీగా కూర్చితే బొమ్మలు నిలుస్తాయి, చీర ఏదో పదిమందికీ తెలుస్తుంది.

ఎంచిన గుడ్డలన్నింటినీ కోయకముందే ఉతకాలి. కొత్త నూలుగుడ్డ నూటికి మూడు నుంచి ఐదు వంతుల దాకా కుంచించుకుపోతుంది, పాత చీర ఇప్పటికే కుంచించుకుని ఉంటుంది. రెండింటినీ ఉతకకుండా కలిపితే మొదటి ఉతుకులోనే బొంత ముడతలు పడుతుంది. ఎరుపు, మెరూన్, ముదురు నీలం రంగులను విడిగా పరీక్షించాలి. తడిపిన తెల్లగుడ్డను వాటి మీద గట్టిగా అదిమి, రంగు అంటితే మళ్ళీ చన్నీళ్ళలో ఉతకాలి, అంటడం ఆగేదాకా ఇలాగే చేయాలి. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని అందరూ అంటారు గానీ, అప్పటికే అద్దకం పూర్తయిన గుడ్డలో మిగిలిన రంగును ఉప్పు పట్టి ఉంచలేదు. ఎన్నిసార్లు ఉతికినా రంగు వదులుతూనే ఉంటే ఆ గుడ్డను జాతర బొంతకు పంపాలి, తొట్టెల బొంతకు కాదు.

కొలతలు, కత్తిరింపు

కొలతను అడుగు పొర నుంచి మొదలుపెట్టాలి. సింగిల్ దుప్పట్లు ఎక్కువగా 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవుతో వస్తాయి. అటువంటి పాత దుప్పటిని అతుకు లేకుండా అడుగు పొరగా వాడాలంటే, కుట్టేటప్పుడు పొరలు జరుగుతాయి కాబట్టి అది పై పొరకంటే ప్రతి వైపూ కనీసం మూడు అంగుళాలు ఎక్కువగా ఉండాలి. అప్పుడు పై పొర 54 అంగుళాల వెడల్పు, 84 అంగుళాల పొడవు వస్తుంది. కుట్టాక ఆరు అంగుళాలుగా తేలే చదరాలు అడ్డంగా 9, నిలువుగా 14, మొత్తం 126 కావాలి. కుట్టులోకి ప్రతి వైపూ పావు అంగుళం పోతుంది కాబట్టి ఒక్కొక్కటి ఆరున్నర అంగుళాలుగా కోయాలి.

ఐదున్నర మీటర్ల చీర పొడవు దాదాపు 216 అంగుళాలు. దానిలో 33 వరుసలు, వెడల్పులో 6 ముక్కలు, అంటే 198 చదరాలు పడతాయి. పాత చీరలో సగం పోయినా తొంభైకి పైగా మిగులుతాయి కనుక రెండు చీరలతోనే లెక్క సరిపోతుంది. అయినా ఎంచుకోవడానికి వీలుగా నాలుగైదు చీరలు ముందర పెట్టుకుంటేనే రంగుల కూర్పు బాగుంటుంది, మిగిలినవి అంచుపట్టీకి పనికివస్తాయి.

మెత్తబడిన పాత చీర కత్తెర కింద జారిపోతుంది. అందుకని కోసే ముందురోజు పలుచని గంజి పెట్టి, కొంచెం తేమ ఉండగానే ఇస్త్రీ చేస్తే గుడ్డ కాగితంలా నిలుస్తుంది. ఆరున్నర అంగుళాల చదరాన్ని పాత ఎక్స్‌రే ఫిల్ము మీద కొలిచి కోసుకుంటే అట్టముక్కలా అంచులు అరగకుండా, కొలత మారకుండా ఉంటుంది. చదరం భుజాలు గుడ్డ పోగుల వెంబడే ఉండాలి. ఏటవాలుగా కోసిన ముక్క కుట్టేటప్పుడు సాగి పక్క వరుసను వంకర తిప్పుతుంది. గంజి పెట్టిన ముక్కలను వానకాలమంతా పెట్టెలో దాచకూడదు, గంజికి పురుగు పడుతుంది. వెంటనే కుట్టేంత మేరకే కోయాలి, మిగిలిన గుడ్డను గంజి లేకుండా మడిచి పెట్టాలి.

వంటింట్లో పసుపు తగిలిన వేళ్ళతో ఈ పనికి కూర్చోకూడదని వేరుగా చెప్పనవసరం లేదు కానీ, చెప్పక తప్పదు. సబ్బుతో కడిగినా గోళ్ళ సందుల్లో నిలిచే పసుపు, తడి తగలగానే తెల్లచదరం మీద తేలుతుంది.

మిషను మీద జతచేయడం

తొక్కుడు మిషనైనా, మోటారు మిషనైనా ఈ పనికి చాలు. మామూలు చీరగుడ్డకు 14 నంబరు సూది, జీన్స్ గుడ్డకు 16 నంబరు సూది పెట్టుకోవాలి. ఇక్కడ కావలసింది వేగం కాదు, పావు అంగుళం ప్రతిచోటా పావు అంగుళమే కావడం. సూది దిగే చోటు నుంచి సరిగ్గా పావు అంగుళం కొలిచి, మిషను పలక మీద రంగు టేపు అతికించి, గుడ్డ అంచును ఆ టేపును ఆనించి నడపాలి. కొలత సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి రెండున్నర అంగుళాల ముక్కలు మూడింటిని వరుసగా కుట్టి ఇస్త్రీ చేసి చూడాలి: మొత్తం ఆరున్నర అంగుళాలు రావాలి, నడిమి ముక్క సరిగ్గా రెండు అంగుళాలు ఉండాలి. వెంట్రుకవాసి తేడా కూడా తొమ్మిది చదరాల వరుసలో అరంగుళమై కూర్చుంటుంది.

జతలన్నింటినీ ముందే పేర్చుకుని, ఒక జత కుట్టు ముగిశాక దారం తెంపకుండానే రెండవ జతను సూది కిందికి జరుపుతూ పోతే, అరగంటలో ముప్పై జతలు మామిడాకుల తోరణంలా ఒకే దారానికి వేలాడుతూ వెనుకకు దిగుతాయి. ఆ తరువాత వాటిని విడదీసుకోవచ్చు. మధ్యాహ్నం అందరి భోజనాలయ్యాక దొరికే సమయానికి ఇంతకంటే అనువైన పని లేదు. ఎవరైనా తలుపు తట్టినా, కుక్కర్ కూతవేసినా, ఎక్కడ ఆపామో వెతుక్కోవలసిన అవసరం ఉండదు.

ఇస్త్రీకి మెత్తని పరుపు పనికిరాదు. కొత్తవాడలో నేసే మన జంపఖానాలు, 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ వరంగల్ డర్రీలే, గట్టి నూలుతో దళసరిగా ఉండి వేడిని తట్టుకుంటాయి. పాతబడిన జంపఖానా ముక్కను రెండు మడతలు వేసి, పైన తెల్లగుడ్డ పరిస్తే మంచి ఇస్త్రీ బల్ల అవుతుంది. కుట్టు మిగులును, అంటే కుట్టు వెనుక మిగిలే పావు అంగుళపు గుడ్డను, రెండు పక్కలకూ విప్పదీయకుండా ఒక పక్కకే వాలేలా ఇస్త్రీ చేయాలి. మొదటి వరుసలో కుడివైపుకు, రెండవ వరుసలో ఎడమవైపుకు వాల్చితే, రెండు వరుసలను కలిపేటప్పుడు ఆ మిగుళ్ళు ఒకదానికొకటి ఎదురుగా ఒదిగి మూలలు చక్కగా కలుస్తాయి. ఇస్త్రీ పెట్టెను గుడ్డ మీద ముందుకూ వెనుకకూ తోయకూడదు, ఎత్తి ఒత్తాలి. తోస్తే చదరం సాగుతుంది.

పొరలు కూర్చడం

నడిమి పొర ఏదన్నది, ఆ బొంత ఏ ఊరిలో కప్పుకునేదన్న దాన్నిబట్టి ఉంటుంది. వరంగల్ చలికి పాత నూలు దుప్పటి ఒకటి మధ్యలో వేస్తే చాలు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు బంధువులకు ఇచ్చేదైతే, అక్కడ చలికాలపు రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగుతాయి కాబట్టి ఏకిన దూది వేయాలి. మనం చెప్పిన కొలతకు అరకిలో నుంచి ముప్పావు కిలో దాకా దూది సరిపోతుంది, అంతకు మించితే చేత్తో కుట్టలేము. దూది వేసిన బొంతలో కుట్టు గీతల మధ్య ఎడం మూడు అంగుళాలు దాటకూడదు, దాటితే దూది ఒక మూలకు చేరి ముద్దవుతుంది. వానకాలంలో దూది పని పెట్టుకోకూడదు. తేమ పట్టిన దూది బొంతలోనే ముక్కవాసన వేస్తుంది. తొట్టెల బొంతకు దూదే వద్దు. రెండు మూడు పొరల మెత్తని పాత చీర చాలు, అది కూడా పసిబిడ్డ కింద పరచడానికే గాని పైన కప్పడానికి కాదు. జాతర బొంతకు అడుగున జీన్స్ గుడ్డ, పైన లుంగీలు, మధ్యలో పాత దుప్పటి వేస్తున్నాను. రెండేళ్ళకోసారి మాఘమాసంలో జరిగే ఆ జాతరలో గుడారాల కింద నేల మీదే పడక కాబట్టి మెత్తదనం కంటే దళసరితనం ముఖ్యం, దుమ్ము కనపడని ముదురు రంగు ముఖ్యం.

మూడు పొరలను కూర్చడానికి నున్నని గచ్చు లేదా షాబాద్ బండల నేల కావాలి. జంపఖానా మీద ఈ పని చేయకూడదు, సూది బొంతనూ జంపఖానానూ కలిపి కుట్టేస్తుంది. అడుగు పొరను తిరగవేసి నేల మీద పరచి, ముడత లేకుండా లాగి, అయితే సాగదీయకుండా, చుట్టూ టేపుతో అంటించాలి. దాని మీద నడిమి పొర, ఆ పైన పై పొర పరచి, మధ్య నుంచి అంచుల వైపు అరచేతులతో సవరించాలి. ఆ తరువాత పిడికెడు ఎడంలో పిన్నీసులు పెట్టడమో, పొడుగు కుట్లతో కచ్చా కుట్టు వేయడమో చేయాలి. పిల్లలు తిరిగే ఇంట్లో పిన్నీసులను పెట్టేటప్పుడు ఎన్ని పెట్టామో లెక్క రాసుకుని, తీసేటప్పుడు ఆ లెక్క సరిచూసుకోవాలి. ఇల్లంతా ఖాళీగా ఉండే ఒక ఉదయాన్ని దీనికి కేటాయించుకోవాలి, సగంలో లేచే పని కాదిది. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో హాలు పూలతో, చుట్టాలతో నిండి ఉంటుంది కాబట్టి అప్పుడు దీని జోలికి పోకుండా, చేతికుట్టుకు సిద్ధమైన బొంతను ముందే తయారుచేసి పెట్టుకోవడం తెలివైన పని.

చేతికుట్టు, అంచుపట్టీ

కుట్టడం ఎప్పుడూ మధ్య నుంచి మొదలై అంచులకు రావాలి. అంచుల నుంచి మొదలుపెడితే మిగులు గుడ్డంతా నడిమికి చేరి పొంగుతుంది. దారాన్ని మూరెడుకు మించి తీసుకోకూడదు, పొడుగు దారం ముళ్ళు పడి సగంలోనే పీచులేస్తుంది. తేనెమైనం ముక్క మీదుగా దారాన్ని ఒకసారి లాగితే గుడ్డలో నున్నగా జారుతుంది. ముడిని వెనుక కనిపించేలా వదలకూడదు: మొదటి కుట్టుకు అంగుళం దూరంలో సూదిని పై పొరలోకి గుచ్చి, కుట్టు మొదలయ్యే చోట బయటికి తీసి, దారాన్ని చిన్నగా గుంజితే ముడి టక్కున లోపలికి దిగి నడిమి పొరలో చిక్కుకుంటుంది. ఆ తరువాత సూదిని పైకీ కిందికీ ఊపుతూ మూడు నాలుగు కుట్లు ఒకేసారి ఎక్కించి లాగాలి. కుట్లు మరీ చిన్నవి కానవసరం లేదు, అన్నీ ఒకే పొడవుగా ఉండాలి. సూదిని నెట్టే మధ్యవేలికి లోహపు తొడుగు లేకపోతే, జీన్స్ పొరలున్న బొంతను రెండవ రోజు ఎవరూ ముట్టరు.

మిషను మీద పొరలు కుట్టేవారు, పై పొరనూ అడుగు పొరతో సమానంగా జరిపే వాకింగ్ ఫుట్ అనే పాదాన్ని అమర్చుకోవాలి. మామూలు పాదం పై పొరను ముందుకు నెట్టి ముడతలు పెడుతుంది.

అంచుపట్టీ లెక్క సులభం. 54, 84 అంగుళాల బొంత చుట్టుకొలత 276 అంగుళాలు. మూలలకు, అతుకులకు 12 కలిపితే 288, అంటే ఎనిమిది గజాలు. చీర పొడవు వెంబడి తీసిన రెండున్నర అంగుళాల వెడల్పు పట్టీలు రెండు చాలు. పట్టీని పొడవునా సగానికి మడిచి, తెరిచి ఉన్న అంచులను బొంత పై పొర అంచుతో కలిపి మిషను కుట్టు వేసి, మడత అంచును వెనుకకు తిప్పి చేత్తో కుట్టాలి. మూలలు గుండ్రంగా ఉన్న బొంతకే ఏటవాలు పట్టీ అవసరమవుతుంది.

సంచులు, చీటీలు

మూడు బొంతలు కలిసిపోకుండా ఉండాలంటే ఒక్కొక్కదానికి ఒక గుడ్డసంచి కేటాయించాలి. చీరల దుకాణాలు ఇచ్చే సంచులు ఇందుకు సరిగ్గా సరిపోతాయి. ప్రతి సంచిలో ఒక చీటీ ఉండాలి: ముక్క కొలత, మొత్తం ఎన్ని, ఎన్ని కుట్టాము, దారం రంగు, మిషను కుట్టు పొడవు, తరువాత చేయవలసిన ఒక్క పని. ఈ చివరి వాక్యమే అన్నింటికన్నా ముఖ్యం. "ఎనిమిదో వరుస, ఎడమకు వాల్చి ఇస్త్రీ" అని రాసి ఉంటే, నెల తరువాత సంచి విప్పినా ఆలోచించకుండా కూర్చోవచ్చు. ఏ సమయం దొరికిందో చూసుకుని, ఆ సమయానికి తగిన సంచిని తీయాలి. మనసుకు నచ్చిన సంచిని కాదు. సంచుల్లో ఎండిన వేపాకు వేసి, వానకాలంలో ఎండ వచ్చిన రోజున ఒకసారి గాలికి విప్పాలి.

పూర్తయిన బొంతను చన్నీళ్ళలో తేలికపాటి సబ్బుతో ఉతికి, పిండకుండా నీళ్ళు కార్చి, దండెం మీద ఒకేచోట బరువు పడకుండా రెండు తాళ్ళ మీద పరచి, నీడలో తిరగవేసి ఆరబెట్టాలి. మే నెల ఎండలో నేరుగా వేస్తే నూలు రంగులు వెలుస్తాయి. దూది వేసిన బొంతను మాటిమాటికీ ఉతకవద్దు, దానికి విప్పదీసే నూలు గలేబు వేసి, గలేబును ఉతుక్కోవాలి. ఎక్కడైనా చదరం చిరిగితే దానిని విప్పవలసిన పని లేదు. కొంచెం పెద్ద ముక్కను అంచులు లోపలికి మడిచి పైనే కుట్టి, పాత కుట్టు గీతలను దాని మీదుగా కొనసాగించాలి. ఇందుకోసమే ప్రతి బొంత గుడ్డలో రెండు మూడు ముక్కలను, చీటీతో సహా, విడిగా ఒక డబ్బాలో దాచాలి. వాటినీ బొంతతో పాటే ప్రతిసారీ ఉతకాలి, లేకపోతే అతుకు మాత్రం కొత్తరంగులో మెరుస్తుంది.